నాచు ముసుగు, వెడల్పు టైర్లు

ఇలా రండమ్మా, పొయ్యికి దగ్గరగా జరగండి. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది. బల్ల మీద సర్దుకోండి. నా కొడుకు గెబ్‌హార్ట్ చలికాలపు టైర్లు ఎలా కొన్నాడో చెబుతాను. వాడు ఇంటికొచ్చేలోపు ముగించాలి. వాడుంటే మధ్యలో దూరి, "అలా కాదమ్మా, అసలు సంగతేంటంటే" అని టైర్ల పురాణం మొదటినుంచి ఎత్తుకుంటాడు. ఈ జన్మకి సరిపడా విన్నాను నేను.

వాడు డెయిరీలో చీజ్ చేస్తాడని మీకు తెలుసు కదా. చిన్నప్పటినుంచి వాడికి ఒకటే కల, పరుగుపందెం కారు లాంటి కారు కావాలని. జుట్టు సగం ఊడాక ఆ కల తీరింది. నారింజ పండు రంగు కారు, నేలకి ఆనుకుని ఉంటుంది. అందులోకి ఎక్కడం అంటూ ఉండదు, పడటమే. దిగాలంటే ఇద్దరు లాగాలి. వెనక చక్రాలు చూస్తే మా అమ్మ పిండి పిసికే పీట అంత వెడల్పు.

మా ఆల్గాయ్ కొండల్లో అలాంటి కార్లున్నవాళ్ళు ఆకులు రాలగానే దుప్పటి కప్పి కొట్టంలో పెట్టేస్తారు. ఈస్టరు వెళ్ళాకే బయటికి తీస్తారు. బుద్ధున్న మనుషులు. మావాడిని అడిగితే, "సగం ఏడాది నిద్రపుచ్చడానికి కొన్నానా అమ్మా?" అన్నాడు. సరే, అయితే చలికాలపు టైర్లు వేయించుకోరా అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ నాలుక కరుచుకుంటూ ఉంటాను.

వేసవి మేత ముగిసి ఆవులు కొండ మీదినుంచి దిగొచ్చిన వారంలో మొదలుపెట్టాడు. ఏ టైరు తడి రోడ్డు మీద ఎంత దూరంలో ఆగుతుంది, ఏది మలుపులో జారుతుంది, ఏది మోత పెడుతుంది, ఇదే గొడవ. భోజనం దగ్గర అదే, చర్చి మెట్ల మీద అదే. పక్కింటి ముసలాయన పోతే, పూడ్చేచోట నిలబడి ఆయన తమ్ముడి చెవిలో రబ్బరు మెత్తదనం గురించి గుసగుసలాడుతున్నాడు. పాదరి గారు రెండుసార్లు దగ్గారు. నా పేరు పండుగకి, అదే నా పేరున్న పునీతురాలి రోజున, కోడలు క్రీము కేకు చేస్తే, ఫోర్కుతో దాని మీద టైరు గాళ్ళు గీసి చూపించాడు. నీళ్ళు ఎటు పోతాయో చెప్పాలట.

నా కోడలు రోస్‌విటా ఓర్పున్న మనిషి. వృద్ధాశ్రమంలో పనిచేస్తుంది కాబట్టి విన్నదే వినడం అలవాటే ఆమెకి. ఆమె కూడా ఓ రోజు గరిటె బల్ల మీద పెట్టేసి, "అత్తయ్యా, నన్ను పెళ్ళి చేసుకోవాలా వద్దా అని తేల్చుకోడానికి ఈయనకి ఒక్క సాయంత్రం చాలింది. నాలుగు టైర్లకి ఇంతకాలమా?" అంది.

"నువ్వు జారవు కదా, టైరు జారుతుంది" అన్నాడు మావాడు. ఆ రాత్రి వాడి కంచంలో స్పెట్జలె నూడుల్స్ మీద వేయించిన ఉల్లిపాయలు వేయలేదు కోడలు.

కొండ కనుమ దారికి కాస్త ఇవతల టైర్ల షెడ్డు ఉంది చూడండి, అది మా అన్నయ్య కూతురు జీటాది. నేనే వాణ్ణి అక్కడికి లాక్కెళ్ళాను. తనకి బావ కాబట్టి మొహమాటం లేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, చక్రాన్ని బూటుతో తట్టి, "సన్నవి వేసుకో బావా. చిన్న రిమ్ము, సన్న టైరు. సన్నది మంచుని కోసుకుని కిందికి దిగి పట్టుకుంటుంది. ఇంత వెడల్పుది మంచు మీద తేలుతుంది. అదీగాక మంచులో పట్టు కోసం చక్రానికి గొలుసు వేయాల్సొస్తే వెడల్పు టైరుకి లోపల చోటే లేదు, గొలుసు పట్టదు" అంది.

"సన్నవి వేస్తే వెనకనుంచి చూడ్డానికి ఎలా ఉంటుందే?"

"వెనకనుంచి నీ కారుని ఎవరు చూస్తారు బావా? నీ ముందు ఎప్పుడూ పాల లారీ, నీ వెనక ఎప్పుడూ ట్రాక్టరు. ఆ ట్రాక్టరు నడిపేది మా ఆయన. ఆయన ఏమీ అనుకోడు."

అప్పుడు వచ్చింది అసలు చిక్కు. జీటా దగ్గరున్న సన్న టైర్లు గంటకి రెండు వందల నలభై కిలోమీటర్ల వేగం వరకే. కారేమో రెండు వందల ఎనభై దాటి పోగలదట. టైరు కన్నా కారుకి వేగం ఎక్కువైతే, ఇంత దాటొద్దని డ్రైవరు కళ్ళెదురుగా స్టిక్కరు అంటించాలి. అది చట్టం. అరచేతిలో సగం ఉంటుంది, గుండ్రంగా, దాని మీద 240 అని.

స్టిక్కరు చూడగానే మావాడి ముఖం పాలు విరిగినట్టయింది. "అది నా కారులోనా? పొద్దున లేచి స్టీరింగు పట్టుకుంటే, నీకు ఇంతే చేతనవుతుంది అని నా కారే నాకు చెప్పాలా?"

"ఎప్పుడైనా రెండు వందల నలభై పోయావురా?" అన్నాను.

"పోలేదు."

"పోతావా?"

"పోనమ్మా. కానీ పోగలను. అది వేరు."

జీటా నా వంక చూసింది. నేను షెడ్డు పైకప్పు వంక చూశాను.

చివరికి వాడు ఎక్కడో మ్యూనిక్ అవతలనుంచి వెడల్పు టైర్లే తెప్పించాడు. చలికాలపువే, మంచివే, స్టిక్కరు అక్కర్లేనివి. వాటిని బిగించేటప్పుడు జీటా ఒక్క మాటే అంది: "గొలుసు పట్టదని చెప్పాను బావా, గుర్తుంచుకో." వాడు చేయి ఊపేశాడు. "కనుమ మీద మంచు కరగడానికి రోజూ ఉప్పు చల్లుతారు. గొలుసులు ఎవరిక్కావాలి?"

ఇక నా సంగతి. ఆ శరదృతువంతా వాడు టైర్లు ఎంచుతుంటే, నేను నాచు ఏరుతున్నాను.

నా మనవరాలు ఆఫ్రా కనుమ అవతల మా పుట్టింటి ఊళ్ళో వడ్రంగం నేర్చుకుంటోంది కదా. అక్కడే గది తీసుకుంది. ఆ ఊళ్ళో డిసెంబరు మొదట్లో పునీత బార్బరా పండుగ సాయంత్రం పెళ్ళికాని ఆడపిల్లలు బార్బెలె వేషం కట్టి వీధుల్లో తిరుగుతారు. పాత పావడా, నడుముకి గంటలు, చేతిలో చీపురు, ముఖానికి నాచు ముసుగు. నేను కూడా నా కాలంలో కట్టాను. ఏ ముసుగు వెనక ఎవరున్నారో ఊళ్ళో ఎవరికీ తెలియకూడదు, కన్నతండ్రికి కూడా. అందుకే ముసుగు ఆ సాయంత్రం దాకా ఎవరి కంటా పడకూడదు. ముసుగు లేని పిల్ల లోపలే కూర్చోవాలి, బయటికి రానివ్వరు. ఆఫ్రాని ఆ ఏడే బృందంలో చేర్చుకున్నారు. అవతలి ఊరి పిల్ల మనకెందుకు అని కొందరు గొణిగారట. ఆమె నానమ్మ ఇక్కడి ఆడపడుచే కదా అని పెద్దపిల్ల ఒప్పించిందట. ఫోను చేసి, "నానమ్మా, ముసుగు నువ్వే కుట్టాలి, నీ చేత్తోనే" అంది. ఆ గొంతు విన్నాక నాకు మోకాళ్ళ నొప్పి ఎక్కడ గుర్తుంటుంది? అడవంతా తిరిగాను. నాచు, దేవదారు కొమ్మలకి గడ్డాల్లా వేలాడే బూడిదరంగు పాచి, బెరడు ముక్కలు ఏరుకొచ్చి, అటక మీద ఆరబెట్టి, తలుపు గడియ వేసుకుని కుట్టాను. ఎలా ఉందంటారా? చెప్పను.

పండుగ ముందురోజు రాత్రి మొదలైన మంచు పొద్దునకి కూడా ఆగలేదు. రోస్‌విటా తన పాత కారు వేసుకుని పనికి వెళ్ళిపోయింది. పొద్దుటి బస్సుకి నేను వెళ్తానంటే మావాడు ఒప్పుకోలేదు. "బస్సెందుకమ్మా? మధ్యాహ్నం నా కారులో తీసుకెళ్తాను. నా టైర్ల సత్తా ఏంటో చూద్దువు గాని." రెండో బస్సు చీకటి పడ్డాక గాని లేదు. అప్పటికి బార్బెలెలు బయల్దేరిపోతారు. అయినా కొడుకు ముచ్చట పడుతున్నాడు కదా అని బస్సుని వదిలేశాను.

రొట్టెల బుట్టలో ముసుగు పెట్టి, గుడ్డ కప్పి, నాలుగు మూలలా ముడివేసి ఒళ్ళో పెట్టుకుని ఆ కారులో పడ్డాను.

నిజం చెప్పాలి కదా, కింది రోడ్డు మీద బాగానే పోయింది. ఉప్పు చల్లి, మంచు పక్కకి నెట్టి శుభ్రం చేసిన రోడ్డు. మావాడు ఊరికే పొంగిపోతున్నాడు. "చూశావా పట్టు? మలుపులో కదిలిందా? కదిలిందా చెప్పు!"

"కదల్లేదురా నాయనా. రోడ్డు చూడు."

"బుట్టలో ముసుగు ఎలా ఉందమ్మా?"

"రోడ్డు చూడమన్నానా?"

కనుమ మొదలయ్యే మలుపు దగ్గర గుండ్రటి నీలం బోర్డు పెట్టేశారు, గొలుసు కట్టిన చక్రం బొమ్మది. పక్కన నారింజరంగు కోటు వేసుకున్న రోడ్డు మనిషి, మీసాల మీద మంచు. వంగి కిటికీలోంచి చూశాడు. వంగాడంటే మామూలుగా కాదు, దాదాపు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"గొలుసులు ఉన్నాయా?"

"ఇవి మేలైన చలికాలపు టైర్లండీ. తడి రోడ్డు మీద ఆగే దూరంలో వీటిని మించినవి..."

"మంచిదండీ. గొలుసులు?"

"గాళ్ళ లోతు చూడండి ఒకసారి. నా మాట కాదు, మీ కళ్ళతో చూడండి."

"సార్, పొద్దుటినుంచి నేను చూస్తున్నది చక్రాలే. పైన మోకాలి లోతు మంచు ఉంది. గొలుసు లేకపోతే వెనక్కి తిప్పండి."

వీళ్ళిద్దరూ ఇలా వాదించుకుంటుంటే, పక్కనించి అగ్గిపెట్టెంత కారు గలగలమంటూ వచ్చింది. మఠం సిస్టర్లది. సన్న చక్రాలు, వాటికి గొలుసులు. లోపల నలుగురు సిస్టర్లు, ఒళ్ళో సంచులు. రోడ్డు మనిషి టోపీ ఎత్తాడు, అది మా ముందే కొండెక్కిపోయింది. నాకు చోటుందేమోనని చెయ్యెత్తబోయాను గానీ అందులో సూది దూర్చే సందు లేదు. నడిపే సిస్టరు మా కారు చూసి, జాలిగా సిలువ గుర్తు వేసింది.

మావాడు కారు తిప్పబోయాడు. తిప్పే చోట రోడ్డు మీద ఉప్పు పడలేదు, మెత్తటి మంచు ఉంది. ఆ పీటలంత చక్రాలు ఆ మంచు మీద అక్షరాలా తేలాయి. కారు ముందుకి చూస్తూ పక్కకి పోయింది, మెల్లిగా, పెళ్ళిలో నాట్యం చేసే లావుపాటి మామయ్యలాగా. గట్టు పక్కన పోగేసిన మంచులో వెనకభాగం దిగబడి ఆగింది. నేను బుట్టని గుండెకి అదుముకుని కళ్ళు మూసుకున్నాను. అరుపు రాలేదు గానీ వాడి పేరు మాత్రం నోట్లోంచి వచ్చింది, వాడికి బాప్తిస్మం ఇచ్చినప్పుడు పెట్టిన పూర్తిపేరు.

రోడ్డు మనిషి పారతో తవ్వి, భుజంతో తోసి బయటపడేశాడు. మావాడి ముఖం పాలిపోయింది. కొంచెం దూరం కిందికి దిగాక అన్నాడు, "అమ్మా, రోస్‌విటా వచ్చాక తన కారులో..."

"తను వచ్చేసరికి చీకటి పడుతుంది. నీ కూతురు ముసుగు లేకుండా లోపల కూర్చుని, గంటల చప్పుడు వింటూ ఉంటుంది. అదే కదా నువ్వనేది?"

నోరు మూసుకున్నాడు. ఎన్ని వారాల తర్వాత ఆ మౌనం! ఇంకో రోజైతే హాయిగా ఉండేది నాకు.

"జీటా దగ్గరికి పోనివ్వు" అన్నాను.

జీటా షెడ్డు నిండా కార్లే. మొదటి మంచు పడితేనే మా జనానికి చలికాలం వచ్చిందని తెలుస్తుంది. ఒక కారు కిందనుంచి జీటా తల బయటపెట్టి, బావని చూసి, నన్ను చూసి, నా ఒళ్ళో బుట్ట చూసింది. ఇక అడగడానికేముంది? తను కూడా ఆ ముసుగు కట్టిన పిల్లే.

"అత్తయ్యా, నేనే తీసుకెళ్ళేదాన్ని. కానీ వీళ్ళందరి చక్రాలూ ఊడదీసి కూర్చున్నాను" అంటూ లేచి, చేతులు తుడుచుకుని, వెనక గదిలోకి వెళ్ళి అరలోంచి నాలుగు చక్రాలు దొర్లించుకొచ్చింది. సన్నవి, చిన్న రిమ్ములకి బిగించి సిద్ధంగా ఉన్నవి. ఒక్కోదాని మీద సుద్దముక్కతో 'బావ' అని రాసుంది.

"ఇవి నాకని ఎప్పుడు పెట్టావే?" అన్నాడు మావాడు.

"నువ్వు వెడల్పువి తెచ్చిన రోజే. తిరిగొస్తావని తెలుసు. ఇంత తొందరగా వస్తావనుకోలేదు."

కారుని పైకెత్తి, టర్రు టర్రుమని విప్పి బిగించడం చకచకా అయిపోయింది. ఆ సైజుకి సరిపడే గొలుసుల సంచి వెనక పడేసింది. మావాడు అప్పటికే స్టీరింగు ముందు కూర్చున్నాడు. జీటా జేబులోంచి స్టిక్కరు తీసింది.

మీరు నమ్మరు. కారు కొండెక్కక వెనక్కొచ్చింది, మంచులో కూరుకుంది, సిస్టర్లు సిలువ వేసి వెళ్ళారు, కూతురు ఎదురుచూస్తోంది. ఇంత అయ్యాక కూడా మావాడు, "అది రేపు అంటిద్దాంలే జీటా. ఇవాళ కొండమీదికే కదా పోయేది, ఎవరు చూస్తారు?" అన్నాడు.

"స్టిక్కరు లేకుండా నా షెడ్డులోంచి కారు బయటికి పోదు బావా."

"పోనీ గ్లవ్‌బాక్సులో పెట్టుకుంటాను. కావాలంటే తీసి చూసుకుంటాను."

"కళ్ళెదురుగా ఉండాలి."

"మరీ కళ్ళెదురుగా కాకుండా, కొంచెం పక్కకి..."

నాకు అరికాలినుంచి మంట లేచింది. జీటా చేతిలోంచి ఆ స్టిక్కరు లాక్కుని, వెనక కాగితం పీకి, వాడి ముక్కుకి సూటిగా డ్యాష్‌బోర్డు నడిమధ్యన తపీమని కొట్టాను. బొటనవేలితో రుద్దాను కూడా, అంచు చుట్టూ. "ఇంకొక్క మాట మాట్లాడావంటే ఇంకోటి తీసుకుని నీ నుదుటి మీద అంటిస్తాను. పోనివ్వు!"

జీటా మళ్ళీ కారు కిందికి దూరిపోయింది. నవ్వుతోందని ఆ కాళ్ళు కదలడం చూస్తేనే తెలిసింది.

నీలం బోర్డు దగ్గర మావాడు మంచులో మోకాళ్ళ మీద కూర్చుని గొలుసులు వేశాడు. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, కొక్కెం దొరకడం లేదు. దొరికింది జారిపోతోంది. ఏ ఒక్కసారీ విసుక్కోలేదు పాపం. తన టోపీ తీసి నా ఒళ్ళో బుట్ట మీద కప్పాడు, తెరిచిన తలుపులోంచి పడే మంచుకి తడవకూడదని. మంచివాడే నా కొడుకు. అదే నా బాధ. చెడ్డవాడైతే ఎప్పుడో వదిలేద్దును.

రోడ్డు మనిషి వచ్చి గొలుసులు లాగి చూసి, కిటికీలోంచి తల పెట్టాడు. స్టిక్కరు చదివాడు.

"రెండు వందల నలభై. బాగుందండీ. పైన మాత్రం ముప్ఫై దాటకండి."

మావాడు ఊఁ అన్నాడు.

కొండ ఎక్కిందమ్మా ఆ కారు. సన్న చక్రాలు మంచుని కోసుకుంటూ, గొలుసులు గలగలలాడుతూ, సిస్టర్ల కారు వేసిన దారిలోనే ఎక్కింది. మావాడు రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, దారిపొడుగునా టైర్ల మాట ఎత్తలేదు. శిఖరం దాటాక ఒకసారి స్టిక్కరు వంక చూసి, "అంచు కొంచెం వంకరగా పడింది" అన్నాడు. అంతే.

ఊళ్ళోకి దిగేసరికి దీపాలు పెట్టేశారు. పిల్లలు వేషాలు కట్టే పశువుల కొట్టం దగ్గర ఆపమన్నాను. మగవాళ్ళు అటు రాకూడదు కాబట్టి వాణ్ణి కారులోనే ఉండమన్నాను. నన్ను బయటికి లాగడానికి మాత్రం దిగాడు, లాగి, వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

లోపల అందరూ ముసుగులు కట్టేసుకున్నారు. గంటలు బిగించుకుంటున్నారు. ఆఫ్రా ఒక్కతే గడ్డిమోపు మీద కూర్చుని ఉంది, పావడా కట్టుకుని, చీపురు ఒళ్ళో పెట్టుకుని, ముసుగు లేని ముఖంతో. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పెద్దపిల్ల అప్పుడే, "ఇక బయల్దేరదాం" అంటోంది. నేను ముడులు విప్పలేక పళ్ళతో కొరికి విప్పాను.

"నానమ్మా, ఏమైంది ఇంతసేపు?"

"టైర్లే" అన్నాను.

"ఇంకా తేల్చలేదా నాన్న?"

"తేల్చాడు, తేల్చాడు. తల వంచు." ముసుగు తొడిగి వెనక తాళ్ళు బిగించాను. "ఊపిరాడుతోందా?"

"అడవి వాసనొస్తోంది" అంది లోపల్నుంచి. నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. అంతలో పెద్దపిల్ల తలుపు తీసింది. గంటలన్నీ ఒక్కసారి మోగాయి. నేను పక్కతలుపులోంచి బయటికొచ్చి మావాడి పక్కన నిలబడ్డాను.

బార్బెలెలు వీధిలోకి దూకారు. పిల్లలకి ఆపిళ్ళూ వాల్‌నట్లూ పంచుతూ, కుర్రాళ్ళ కాళ్ళ మీద చీపుర్లతో బాదుతూ, గెంతుతూ వచ్చారు. అందులో ఒకతె గుంపులోంచి విడిపోయి మా కారు దగ్గరికొచ్చింది. అద్దం మీది మంచుని చీపురుతో ఊడ్చింది. వంగి లోపలికి చూసింది. స్టిక్కరు కనబడింది కాబోలు, భుజాలు ఎగిరెగిరిపడ్డాయి. గంటలన్నీ గల్లుమన్నాయి. సన్న చక్రాన్ని చీపురుకర్రతో రెండు తట్లు తట్టి, మావాడి పిక్కల మీద ఒక్కటి చురుక్కుమనేలా ఇచ్చి, చేతిలో ఆపిలు పెట్టి పరుగెత్తింది.

"అది మన ఆఫ్రానే కదూ?" అన్నాడు మావాడు పిక్క రుద్దుకుంటూ.

"నాకేం తెలుసు?"

"అమ్మా, ముసుగు కుట్టింది నువ్వే."

"అయితే?"

"ఆకుపచ్చ నాచు ఎక్కువున్నదా? లేక గడ్డాలు వేలాడేదా? ఆ పొడుగు పిల్లా?"

తిరిగొచ్చేటప్పుడు కొండ దిగినంతసేపూ అదే. భోజనం దగ్గర అదే. చర్చి మెట్ల మీద అదే. రోస్‌విటాని అడిగాడు, జీటాని అడిగాడు. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు. నేను అల్లిక తీసుకుని పొయ్యి దగ్గర కూర్చుని, హాయిగా వింటూ ఉంటాను.

ఆ గేటు చప్పుడు వాడిదే. ఇదంతా గుర్తుంచుకోండి, చలికాలం వచ్చినప్పుడల్లా టైర్ల దగ్గర తెమలని మనిషి ఎవరు కనబడితే వాళ్ళకి చెప్పండి. వెడల్పువి, సన్నవి, స్టిక్కరు, సిస్టర్లు, అన్నీ చెప్పండి. ఆ కారు దగ్గరికొచ్చింది ఎవరని అడిగితే మాత్రం మీకు తెలియదనండి. తెలియదు కూడా కదా, నేనెక్కడ చెప్పాను?